కార్తీకంలో కొబ్బరితోట పెళ్లి: వానకీ గాలికీ ఏం సిద్ధం చేసుకోవాలి

అమలాపురం దగ్గరి ఒక పల్లె నుంచి అడిగిన ప్రశ్న ఇది. కార్తీకమాసంలో అమ్మాయి పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. ఇంటి పక్కనే ఉన్న 40 సెంట్ల కొబ్బరితోటలో పందిరి వేసి చెయ్యాలని ఇంటిల్లిపాదికీ కోరిక. భోజనాలకి 600 మంది. సప్లై కంపెనీ ఆయన "షామియానా మీద బరకం (టార్పాలిన్) కప్పేస్తాం, వానొచ్చినా చుక్క దిగదు" అంటున్నారట. అది సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా అని అడుగుతున్నారు.

సరిపోదండి. ఆయన మాట పైనుంచి పడే నీళ్ల వరకే నిజం. మన డెల్టాలో పెళ్లిని పాడుచేసేవి ఎక్కువగా కాళ్ల కింద నిలిచే నీళ్లూ, పక్కనుంచి కొట్టే గాలీ. ఈ రెండింటికీ బరకం జవాబు చెప్పదు. పైగా మన పెళ్లిలో ఒక్క క్షణం కదలదు. విందు గంట వెనక్కి జరగొచ్చు, ఎదురుకోలు ఇంట్లోనే కానివ్వొచ్చు, ఊరేగింపు మానేయొచ్చు. జీలకర్ర-బెల్లం మాత్రం 2.40కే పెట్టాలి. కాబట్టి ఏర్పాటంతా ఒకే లెక్క మీద నడవాలి: పెళ్లిపీటలు వేసే చోటు ఏ వానకీ తడవకూడదు, మిగతావన్నీ అవసరాన్నిబట్టి కదలగలిగేలా ఉండాలి. తోటంతా ఒకే రకం పందిరి వేసి డబ్బు పల్చగా పరిచేస్తే, గట్టి వాన కొట్టినప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి.

కార్తీకం గురించి ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను మీ ఇంటి పెద్దలకి గుర్తుండే ఉంటుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ ఈ తీరానికే వచ్చింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది; అది కార్తీక శుద్ధమే. తుపాను ప్రతి ఏడూ మన మీదికే రాదు. కానీ వాయుగుండం ఒంగోలు దగ్గర తీరం దాటినా, కళింగపట్నం దగ్గర దాటినా మనకి రెండు రోజుల ముసురు తప్పకపోవచ్చు. మీ ఏర్పాటు ముసురుని తట్టుకుంటే చాలు. తుపానుని తట్టుకునే పందిరి కట్టాలని చూడకండి. తుపాను వస్తే పందిరి వదిలి లోపలికి పోవాలి, అంతే.

మొదట నేల చూడండి. మీ తోట రోడ్డు కంటే మెరకా, పల్లమా? కంటితో కాకుండా నీటిగొట్టంతో మట్టం తీయించండి. మేస్త్రీ ఎవరైనా అరగంటలో చూస్తారు. వాన నీళ్లు ఎటు పోతాయి, ఏ బోదెలో (పిల్లకాలవలో) పడతాయి, ఆ బోదె ఏ మురుగు కాలవలో కలుస్తుంది అన్నది నడిచి వెళ్లి చూడండి. గుర్రపుడెక్క పేరుకున్న కాలవ అయితే నీళ్లు తోటలోనే ఉండిపోతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది: పోటు వేళ మురుగు కాలవలు వెనక్కి తన్నుతాయి, అమావాస్యకీ పౌర్ణమికీ ఆ పోటు ఎక్కువ. మీ ముహూర్తం ఆ తిథులకి దగ్గరగా ఉంటే బోదెని నమ్ముకోకుండా ఇంజను పెట్టి తోడే ఏర్పాటు కూడా చేసుకోండి. చేలో నీళ్లు తోడే మామూలు డీజిల్ ఇంజను సరిపోతుంది. గుంట ఎక్కడ, గొట్టం ఎటు అన్నది మాత్రం ముందే చూసి పెట్టుకోవాలి.

ఎన్ని నీళ్లు అన్నది లెక్కలో చూస్తే అర్థమవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీకు కావాల్సిన కప్పు పెళ్లిమండపానికి 30 అడుగులకి 40, భోజనాలకి 40కి 50; మొత్తం 3,200 చదరపు అడుగులు, అంటే దాదాపు 300 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కప్పుల మీదనుంచే 15 వేల లీటర్లు కిందికి దిగుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు తెచ్చి పందిరి చూరు కింద కుమ్మరించినట్టు. వాతావరణ శాఖ 'భారీ వర్షం' అనేది 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది. కాబట్టి 50 అన్నది భయపెట్టడానికి చెప్పిన అంకె కాదు, ముసురు పట్టిన రోజున మామూలే.

అందుకని మండపం వచ్చే 1,200 చదరపు అడుగులనీ చుట్టూ నేల కంటే 6 అంగుళాలు మెరక చేయించండి. 600 ఘనపుటడుగుల మట్టి అవుతుంది. అణిగేది కలుపుకుని 8 ట్రాక్టర్ ట్రక్కులు తోలించండి, ట్రక్కుకి 100 ఘనపుటడుగుల లెక్కన. నల్లమట్టి వద్దు, తడిస్తే జిగురై చెప్పు ఊడొచ్చేస్తుంది. బుసక గానీ గ్రావెల్ గానీ వేసి, పైన రెండు అంగుళాలు క్రషర్ డస్ట్ పరిపించండి. ఈ పని పెళ్లికి మూడు వారాల ముందే అయిపోవాలి. ఒకటి రెండు వానలు పడి అణిగితేనే నేల గట్టిపడుతుంది. ముందురోజు తోలిన మట్టి పెళ్లిరోజు వానకి గంజి అయిపోతుంది. చూరు కింద అడుగు వెడల్పు, అడుగు లోతు కాలవ తీయించి, ప్రతి 10 అడుగులకీ ఒక అంగుళం వాలు ఉండేలా బోదె దాకా పట్టుకెళ్లండి. మనుషులు దాటే చోట దాని మీద చెక్కలు వేసి మేకులు కొట్టండి, ఊరికే పెడితే రాత్రి కాలు జారుతుంది.

నడవాల్సిన దారులు మూడు: రోడ్డు నుంచి మండపానికి, మండపం నుంచి భోజనాలకి, వంట నుంచి భోజనాలకి. వీటి మీద డస్ట్ పోసి పైన కొబ్బరిపీచు పట్టాలు పరవండి. ఆకుపచ్చ తివాచీ బురద మీద వేస్తే ఒక్క గంటలో బురదే తివాచీ పైకొస్తుంది. వంట దారిని చాలామంది మర్చిపోతారు. నిజానికి అక్కడే ఎక్కువ ప్రమాదం. వేడి సాంబారు బకెట్లు రెండు చేతుల్లో పట్టుకుని చీకట్లో నడిచేది ఆ దారినే.

ఇక కప్పు. గుడ్డ షామియానా ఎండకీ మంచుకీ పనికొస్తుంది. వాన పడితే గుడ్డ తడిసి బరువెక్కి మధ్యలో జారుతుంది. పైన బరకం కప్పినా కింద గుడ్డ జారిన చోటే బరకమూ గుంట పడుతుంది. 6 అడుగులకి 6 అడుగుల గుంటలో నడుమ 6 అంగుళాల లోతు నీళ్లు నిలిస్తే దాదాపు 250 లీటర్లు, పావు టన్ను బరువు. అప్పుడు ఎవరో ఒకరు కర్రతో కిందనుంచి పొడుస్తారు. నీళ్లన్నీ ఒక పక్కకి దొర్లి, ఆ పక్క గుంజ పడుతుంది. షామియానా పడిపోయే తీరుల్లో ఇది అతి మామూలుది, గాలి కూడా అక్కర్లేదు.

అందుకే మండపానికి మాత్రం రేకుల పందిరి వేయించండి. మధ్యలో వెన్ను, రెండు వైపులా వాలు. రేకుకి 6 అడుగులకి ఒక అడుగు వాలు ఉంటే నీళ్లు నిలవవు. రేకు మీద రేకు పొడవులో కనీసం 6 అంగుళాలు ఎక్కాలి, పక్కల ఒకటిన్నర మడత ఎక్కాలి. హుక్కులతో బిగించాలి, కట్టుతీగతో కాదు. ఊడి ఎగిరిన రేకు కత్తితో సమానం. చూరు రేకులకి ప్రతి రెండడుగులకీ ఒక హుక్కు పడిందో లేదో మీరే నిచ్చెనెక్కి చూసుకోండి. రేకుల మీద వాన చప్పుడుకి మంత్రాలు వినపడవన్న బెంగ ఉంటుంది. పైన కొబ్బరాకులు మందంగా పరిచి వల కప్పి కట్టేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది, చూడ్డానికి పచ్చని పందిరిలాగే ఉంటుంది. వల లేకుండా పరిస్తే ఆకులు గాలికి లేచిపోతాయి.

భోజనాల పందిరికి బరకమైనా పరవాలేదు, కానీ గుడ్డ మీద కాకుండా సరుగుడు బాదుల చట్రం మీద బిగించాలి. వాలు 3 అడుగులకి ఒక అడుగు కంటే తగ్గకూడదు. 40 అడుగుల వెడల్పుకి వెన్ను చూరు కంటే దాదాపు 7 అడుగులు ఎత్తు రావాలి. సప్లై వాళ్లు ఇంత ఎత్తు కట్టడానికి ఇష్టపడరు, బాదులూ కూలీ ఎక్కువవుతాయి. ఆ తేడా ఇచ్చి కట్టించుకోండి. డబ్బు తగ్గించుకోవాలంటే పూల అలంకరణలో తగ్గించుకోండి, వాలులో కాదు. జర్మన్ హ్యాంగర్, అంటే లోహపు చట్రం మీద బిగించే పెద్ద గుడారం, పెట్టే స్తోమత ఉంటే మంచిదే. అయితే అది ఎంత గాలికి నిలుస్తుందో రాసిన కాగితం అడగండి, అంత గాలికి ఎన్ని బరువులు పెట్టాలో కూడా అందులోనే ఉంటుంది. బరువులు తగ్గించి నిలబెట్టిన హ్యాంగర్ షామియానా కంటే ప్రమాదం, పడితే ఆ లోహపు చట్రమే మీద పడుతుంది.

గాలి లెక్క కూడా చెబుతాను. గంటకి 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 12 కిలోల తోపు తోస్తుంది. 50 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న పక్క పరదా మీద ఇది అర టన్ను దాటుతుంది. గాలి రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే 30లో హాయిగా ఉన్న పందిరి 60లో లేచిపోతుంది. బాదులు 3 అడుగుల లోతు పాతాలి. గుంటలో మట్టి కాకుండా ఇటుక ముక్కలు వేసి గునపంతో కూరాలి. మన నల్లమట్టి తడిస్తే మేకుల్నీ గూటాల్నీ పట్టుకోదు, ఎండ రోజున ఎంత లాగినా రాని గూటం ముసురు రెండో రోజుకి చేత్తో ఊడొస్తుంది. లాగుడు తాళ్లని గూటాలకి బదులు నీళ్లు నింపిన 200 లీటర్ల డ్రమ్ములకో, సగం పూడ్చిన ఇసుక బస్తాల వరసకో కట్టించండి. నైలాన్ తాడు బరువుకి సాగుతుంది కాబట్టి గాలి మొదలయ్యాక ఒకసారి తిరిగి బిగించడానికి మనిషి ఉండాలి. తుపాను గాలి దిక్కు మారుస్తుంది. ఈశాన్యం నుంచి మొదలై, తుపాను దాటేకొద్దీ తూర్పుకో ఆగ్నేయానికో తిరగొచ్చు. తాళ్లు నాలుగు వైపులా సమానంగా ఉండాలి. పక్క పరదాలు గాలి వచ్చే వైపు దించి, పోయే వైపు తెరిచి ఉంచండి. గాలి వచ్చే వైపు తెరిచి వెనక మూసేస్తే పందిరి తెరచాప అవుతుంది, లోపలి గాలే కప్పుని ఎత్తేస్తుంది. వేదిక వెనక పెట్టే ఫ్లెక్సీలూ, పెద్ద ఎల్ఈడీ తెరా కూడా తెరచాపలే. గాలి హెచ్చరిక ఉంటే అవి అసలు నిలబెట్టొద్దు.

కొబ్బరిచెట్లకి తాళ్లు కట్టడం తోటపెళ్లిళ్లలో అందరూ చేసే పొరపాటు. చెట్టు బలంగా ఉంటుంది, నిజమే. కానీ గాలికి ఊగుతుంది. ఊగినప్పుడల్లా పందిరిని లాగి వదులుతుంది, ఆ లాగుడికి బాదులు ఒకటొకటే గుంటల్లో వదులవుతాయి. చెట్టుకీ పందిరికీ కనీసం రెండడుగుల ఖాళీ వదలండి. పెళ్లికి నాలుగు రోజుల ముందు దింపు తీయించండి. కాయలే కాకుండా ఎండు మట్టలు, ఎండు గెలలు అన్నీ దించేయాలి. నెల ముందు తీయిస్తే మళ్లీ మట్టలు ఎండుతాయి. కొమ్ము పురుగో ఎర్రముక్కు పురుగో పట్టి మొవ్వు వాలిన చెట్లు పందిరి మీద పడే దూరంలో ఉంటే, చెట్టైనా తీయించండి, పందిరైనా జరపండి.

ఇంకో సంగతి బరకాలది. కార్తీకంలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు. ముసురు పడుతుందని టీవీలో రాగానే ఊళ్లో ఉన్న బరకాలన్నీ ధాన్యం రాశుల మీదికి వెళ్తాయి, వెళ్లాలి కూడా. ట్రాక్టర్లూ కూలీలూ అప్పుడే దొరకరు. అప్పటికప్పుడు తెప్పిస్తాం అన్న మాట ఆ రోజున పనికిరాదు. మీకు కావాల్సిన బరకాలు, మరో రెండు అదనంగా, వారం ముందే మీ వసారాలో ఉండాలి. దాళ్వా (రబీ వరి) కోతల వేళ, అంటే వైశాఖం పెళ్లిళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఇక పెళ్లి లోపలికి మార్చాల్సి వస్తే ఎక్కడికి? బడిలోకో తుపాను భవనంలోకో అనుకుంటారు. తుపాను హెచ్చరిక వస్తే పునరావాస కేంద్రాలు తెరిచేది అక్కడే, ఆ రోజు అవి మీకు దక్కవు, అడగకూడదు కూడా. గుడి మండపం గానీ, ప్రైవేటు కల్యాణ మండపం గానీ, రోడ్డు కంటే అరుగు ఎత్తున్నది చూసి, ఆ రాత్రికి అద్దె అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి. వాడుకోకపోతే పోయే డబ్బు అది, మిగతా ఖర్చులో చిన్నదే. అదీ కుదరకపోతే మీ ఇంటి హాలులో పీటలు వేయడానికి ఎంత చోటుందో కొలవండి. 12 అడుగులకి 12 ఖాళీ ఉంటే వధూవరులు, తల్లిదండ్రులు, పురోహితులు, హోమగుండం పడతారు. పురోహితుల్ని ముందే అడగండి: చోటు మారితే ఏ కార్యక్రమం ఎక్కడ జరిపించవచ్చు, ముహూర్త సమయానికి తప్పనిసరివి ఏవి, తర్వాత చేసుకోగలిగేవి ఏవి అని. ఆ క్రమం ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి. లోపల హోమం చేస్తే పొగ పోవడానికి కిటికీలు రెండు వైపులా తెరిచి ఉండాలి, గుండం మీద సీలింగ్ గుడ్డ ఉండకూడదు. బకెట్టు ఇసుక పక్కన పెట్టండి.

మార్చాలా వద్దా అన్నది చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. పెళ్లికూతురి తండ్రి వద్దు, ఆయన కన్యాదానానికి పీటల మీద ఉంటారు. మేనమామ కూడా వద్దు, సరిగ్గా ఆ వేళకి ఆయన అమ్మాయిని గంపలో తీసుకురావాలి. బాబాయిలలో ఒకరికో, ఇంటి అల్లుళ్లలో నిదానస్తుడికో అప్పగించండి. ఆయన మాటే ఆఖరి మాట అని మగపెళ్లివారికి కూడా ముందే చెప్పండి. చివరి గంటలో పదిమంది ఆకాశం చూసి పది మాటలు చెబుతారు.

ఆయన చూడాల్సింది ఆకాశం కాదు, గడియారం. పెళ్లికి ఐదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ రోజుకి రెండుసార్లు చదవాలి. అల్పపీడనం అన్నంత మాత్రాన ఏమీ మార్చకండి, మండపం అడ్వాన్సూ బరకాలూ సరిచూసుకుంటే చాలు. వాయుగుండం అంటే గాలి 31 నుంచి 50 కిలోమీటర్ల మధ్య. తీవ్ర వాయుగుండం 60 చిల్లర దాకా. 62 దాటితే తుపాను. 48 గంటల ముందు తీవ్ర వాయుగుండమో తుపానో మన తీరం వైపు చూపిస్తుంటే, లేదా పెళ్లి రోజుకి కోనసీమ జిల్లాకి వాతావరణ శాఖ రెడ్ హెచ్చరిక ఇస్తే, మరి ఆలోచించకుండా లోపలికి మార్చేయండి. ఆరెంజ్ అయితే భోజనాలు, మండపం రెండూ మార్చడానికి అంతా సిద్ధంగా ఉంచి, 24 గంటల ముందు బులెటిన్ చూసి తేల్చండి. ఎల్లో అయితే తోటలోనే, పైన చెప్పిన కప్పుల కింద. 24 గంటల ముందు తేల్చాక మళ్లీ మార్చొద్దు. తెరిపిచ్చిందని వెనక్కి తోటలోకి వస్తే రెండు చోట్లా సగం సగం ఏర్పాట్లతో మిగిలిపోతారు. ఈ గడువుకి ఇంకో కారణముంది. గాలి పెరిగితే కరెంటు ఆపేస్తారు, కాసేపటికి సెల్ సిగ్నలూ పోవచ్చు. వంటాయనకీ, సప్లై వాళ్లకీ, బస్సు డ్రైవర్లకీ మాట అందాలంటే అంతకు ముందే చెప్పెయ్యాలి. ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి నలుగురి జేబుల్లో ఉంచండి.

పెళ్లి రోజున మచిలీపట్నం రాడార్ బొమ్మ చూస్తే వచ్చే రెండు మూడు గంటల సంగతి తెలుస్తుంది. ఇది ఎదురుకోలు బయటా లోపలా, తర్వాతి బంతి ఇప్పుడా కాసేపాగా వంటి చిన్న నిర్ణయాలకే. గాలి కొలిచే పరికరం లేకపోతే చెట్లు చూడండి: పెద్ద కొమ్మలు ఊగుతూ గొడుగు పట్టుకోవడం కష్టమైతే గాలి 40 దాటినట్టు. అప్పుడు భోజనాల బరకం పందిరి ఖాళీ చేయించాలి, ఎవరు సగం భోజనంలో ఉన్నా సరే. ఎదురుగాలికి నడవలేకపోతే 50 దాటింది, రేకుల పందిరి కింద కూడా ఉండొద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే పిడుగు 10 కిలోమీటర్లలోపు ఉంది. కొబ్బరితోట కింద, ఇనుప గుంజల మధ్య నిలబడొద్దు. పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ ఉచితం. విపత్తుల సంస్థ నంబర్లు 1070, 112, 1800 425 0101.

కరెంటు విషయంలో రాజీ పడకండి, తోటపెళ్లిలో ప్రాణం తీసేది ఇదే. అలంకరణ వైర్ల జాయింట్లు నేల మీద ఉంటే వాన నీళ్లలో మునుగుతాయి. తడిసిన గుంజకి సీరియల్ బల్బుల తీగ చుట్టి ఉంటే ఆ గుంజ ముట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది. మామూలు ఎంసీబీ స్విచ్చి దీన్ని ఆపదు, అది లోడు ఎక్కువైనప్పుడూ, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడూ పడిపోవడానికే. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, మండపానికి ఒకటి, భోజనాలకి ఒకటి, వంటకి ఒకటి విడివిడిగా. ఒకచోట తడిసి పడిపోయినా మిగతాచోట్ల వెలుగు ఉంటుంది. టెస్ట్ బటన్ మీ ముందు నొక్కి చూపించమనండి. జాయింట్లన్నీ తలకంటే ఎత్తులో, మూతలో ఉండాలి. జనరేటర్ని అడుగున్నర ఎత్తు దిమ్మ మీద, రేకు కప్పు కింద, జనానికి కనీసం 30 అడుగుల దూరంలో, పొగ గాలివాలుకి పోయేలా పెట్టండి. 62.5 కేవీఏ జనరేటర్ లోడు బాగా ఉంటే గంటకి 10 లీటర్ల పైనే తాగుతుంది. పది గంటలకి 120 లీటర్లు ముందురోజే తెచ్చి పెట్టుకోండి. ఎర్త్ రాడ్ విడిగా దిగ్గొట్టించాలి.

వంట. గాడిపొయ్యి తవ్వితే వానకి అదే మొదట నిండుతుంది. పల్లెల్లో ఇంకా గాడిపొయ్యి మీదే వండుతామంటారు, రుచికి మంచిదే, కానీ కార్తీకంలో దాన్ని నమ్ముకోవద్దు. ఇనుప స్టాండు పొయ్యిలు పెట్టి, 19 కిలోల సిలిండర్లు సిద్ధంగా ఉంచుకోండి. కట్టెలే అయితే నేల నుంచి ఎత్తి, కింద ఇటుకలు పెట్టి, పైన బరకం కప్పాలి. వంటపాకకి రేకు తప్ప బరకం వద్దు, నిప్పురవ్వ చాలు. ఎత్తు 12 అడుగులు, పక్కలు తెరిచి. వానరోజున బంతికి 600 మందిని ఒకేసారి సర్దాలనుకోకండి. కప్పు కింద 150 మంది కూర్చుంటారు, బంతికి 40 నిమిషాలు. నాలుగు బంతులు, మూడు గంటల్లోపు అయిపోతాయి. సాయంత్రం 6 గంటలకే మొదలుపెట్టండి, దూరం వాళ్లు మొదటి బంతిలో తిని చీకటి ముదరకుండా వెళ్లిపోతారు. అన్నం ఒకేసారి వార్చకుండా బంతికి ముందు బంతికి వండించండి. వానకి జనం తగ్గితే బియ్యం మిగులుతుంది, అన్నం వృథా కాదు. వాన వెలిసిన రాత్రి దీపాల చుట్టూ ఉసిళ్లు మూగి ఆకుల్లో పడతాయి. భోజనాల దగ్గర పసుపు బల్బులు పెట్టి, తెల్లటి పెద్ద లైటు ఒకటి 50 అడుగుల దూరంలో వెలిగించండి, పురుగంతా అటు పోతుంది.

మగపెళ్లివారు ఎటునుంచి వస్తున్నారో కనుక్కోండి. నరసాపురం వైపు నుంచైతే సఖినేటిపల్లి రేవు దాటి వద్దామనుకుంటారు. గాలివానకి పంటు (రేవు దాటించే పడవ) ఆగిపోతుంది. చించినాడ వంతెన మీదుగా రమ్మనండి. కాకినాడ వైపు నుంచి కోటిపల్లి-ముక్తేశ్వరం రేవు బదులు యానాం-ఎదుర్లంక వంతెన. హెచ్చరిక ఉంటే ముందురోజే విడిదికి రప్పించడం అన్నిటికంటే మేలు. వరుడు దారిలో చిక్కుకుంటే ఏ పందిరీ కాపాడదు. కార్లు నల్లమట్టి చేలో నిలపనివ్వొద్దు, తెల్లారేసరికి దిగబడతాయి. రోడ్డు వారగానో, రైస్ మిల్లు ఆవరణలోనో నిలిపించి, అక్కడినుంచి రెండు ఆటోలూ 30 పెద్ద గొడుగులూ తిప్పండి.

మిగతా మాసాల వాళ్లకి కొద్దిగా. శ్రావణం పెళ్లిళ్లకి వాన కంటే వరద పెద్దది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే లంకల్లోకి పడవలే దారి. లంకల్లో ఆ నెలలో పెళ్లి ఇంటి దగ్గర పెట్టుకోకపోవడమే మంచిది. నీళ్లు ముందుగా భద్రాచలం దగ్గర పెరుగుతాయి కాబట్టి అక్కడి మట్టం చూస్తూ ఉండండి. వైశాఖ, జ్యేష్ఠాల్లో సాయంత్రం ఈదురుగాలి అరగంటో ముప్పావు గంటో కొట్టి పోతుంది. వాన తక్కువ, గాలీ పిడుగూ ఎక్కువ, తాళ్ల సంగతే ముఖ్యం. మాఘంలో మంచు కురిసి కుర్చీలు తడుస్తాయి, గుడ్డ షామియానా చాలు. తెల్లవారుజామున జాతీయ రహదారి 216 మీద మంచుకి దారి కనపడదు, బస్సు వాళ్లకి చెప్పండి.

సప్లై ఆయనతో కాగితం రాసుకునేటప్పుడు ఇవి ఉండాలి: కప్పు రకం, వాలు, బాదు పాతే లోతు, డ్రమ్ముల సంఖ్య, పెళ్లికి ముందురోజు మధ్యాహ్నానికి కట్టడం పూర్తి, ముహూర్తం అయ్యేదాకా ఇద్దరు పనివాళ్లు పందిరి దగ్గరే ఉండటం, లోపలికి మారితే ఎంత ఇవ్వాలి, గాలికి సామాను పోతే ఎవరి భారం. పందిరి రాట వేసేనాటికే ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడాలి.

వాన వెలిశాక జనాన్ని వెంటనే పందిరి కిందికి పిలవకండి. ముందు ఆ ఇద్దరు పనివాళ్లూ కప్పు మీద నిలిచిన నీళ్లు చూరు వైపు నుంచి దింపాలి. బాదులు ఒక్కొక్కటీ చేత్తో ఊపి చూడాలి, తాళ్లు తిరిగి బిగించాలి. కరెంటాయన ఆర్‌సీసీబీలు ఒకటొకటే ఎత్తి, ఏదైనా మళ్లీ పడిపోతే ఆ లైనుని ఆపేసే ఉంచాలి. దీనికి 20 నిమిషాలు పడుతుంది. ఈలోపు భజంత్రీల్ని ఇంటి వసారాలో వాయించమనండి, జనం అటు చేరతారు.